పొయ్యి ముందు వైరు

హాన్‌కాక్, మిషిగన్
అక్టోబరు 14, 1984

తమ్ముడు నెస్టర్‌కి,

నువ్వు డులూత్ చేరావని మరదలు ఫోన్ చేసి చెప్పింది. నువ్వే చేసి ఉంటే వేళ్లేమీ అరిగిపోయేవి కావు.

మా ఫైర్‌ప్లేస్‌లో నువ్వు దూర్చి వెళ్లిన ఇనప పొయ్యి బాగా పనిచేస్తోంది. తర్వాత మెచ్చుకోలేదని అనకుండా ఆ మాట ముందే రాసేస్తున్నాను. ఇన్నేళ్లూ వేడంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోయేది, మేం ముందువైపు కాల్చుకుంటూ వెనకవైపు వణికేవాళ్లం. ఇప్పుడు దానికి బిగించిన బ్లోయరు ఫ్యాను వేడి గాలిని వంటింటి దాకా తోస్తోంది. నిన్న యాలకుల రొట్టె పిండి గంటలో పొంగింది.

ఇక అసలు సంగతి. ఆ బ్లోయరు వైరుని అలా వదిలేసి ఎలా వెళ్లావు? పొయ్యి ఎడమ మూలనుంచి బయటికొచ్చి, నేలమీద అడ్డంగా పడుకుని, వంటింటి గుమ్మం పక్కనున్న ప్లగ్గు దాకా పోతోంది. వంటింట్లోంచి కట్టెలు తెచ్చే మనిషి దాన్ని దాటకుండా పొయ్యి దగ్గరికి రాలేడు. హాల్లో చచ్చిన పాము పడి ఉన్నట్టుంది. నవంబరు పదిహేడున చర్చి ఆడవాళ్ల కాఫీ మా ఇంట్లో. పద్దెనిమిది మంది వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట చూసేది దాన్నే.

ఆ రోజే నిన్ను అడిగాను. వైరు వైరులాగే ఉంటుందక్కా అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయావు. దాన్ని కనపడకుండా దాచే దారేదో రాయి, లేదా వచ్చి నువ్వే చెయ్యి.

మీ బావ బాగున్నాడు. ఈ చలికాలంతో ఆయన బడి బస్సు నడపడం మొదలుపెట్టి ఇరవై మూడేళ్లు.

మీ అక్క,
హిల్యా


డులూత్
అక్టోబరు 20

అక్కకి,

పొయ్యి పనిచేస్తోందని రాసినందుకు సంతోషం. మిగతా రెండు పేజీలూ చదివాక ఆ సంతోషం పోయింది.

వైరు ఎక్కడ దాచాలని అడిగావు. ఎక్కడ దాచకూడదో చెబుతాను. పొయ్యి వెనక్కి తొయ్యకు. ఇనుము కాలినప్పుడు వైరు తొడుగు వెన్నలా కారిపోతుంది. పొయ్యి చుట్టూ బిగించిన రేకు వెనక పెట్టినా అంతే. తివాచీ కింద అసలే వద్దు, ఈ ముక్క రెండుసార్లు చదువు. మనుషులు తొక్కుతారు, కుర్చీ కాళ్లు నలుపుతాయి, లోపలి తీగ తెగి వేడెక్కుతుంది. నీకు వాసన తెలిసేసరికి కర్టెన్లు అంటుకుంటాయి. అలా కాలిపోయిన ఇంటికి కిందటేడు కొత్త చిమ్నీ కట్టింది నేనే. ఆ ఇంట్లో పిల్లల బూట్లు గుమ్మం దగ్గర వరసగా ఉన్నవి ఉన్నట్టే బూడిదయ్యాయి.

ఆ పద్దెనిమిది మందీ కాఫీ తాగడానికి వస్తున్నారా, నీ నేల తనిఖీ చెయ్యడానికి వస్తున్నారా? చిన్నప్పట్నుంచీ నీకు ఇదే రోగం. అమ్మ పోయిన రోజు కూడా నువ్వు చేసిన మొదటి పని కిటికీలు తుడవడం.

నవంబరు మొదటి వారంలో ఇక్కడ జింకల వేట మొదలు. ఎప్పటిలాగే బావని పంపించు. వేట గుడిసెలో ఆయన మంచం ఆయన కోసమే ఉంది.

నెస్టర్


హాన్‌కాక్
అక్టోబరు 28

నెస్టర్‌కి,

అమ్మ కిటికీల సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను, విను. నేను తుడిచింది ఆవిడ పోయాక కాదు, పోయే ముందు. కాలువ మీద పడవలు కనపడటం లేదు, అద్దం మసకగా ఉంది అంది. అందుకని తుడిచాను. ఆవిడ ఒక పడవని చూసి కళ్లు మూసింది. ఆ రోజు నువ్వు ఎక్కడున్నావో నాకు గుర్తుంది, నీకు గుర్తులేకపోతే మీ ఆవిడని అడుగు.

ఇక వైరు. మా వీధి చివర ఫెర్న్ టెర్వో ఇంట్లో కూడా ఇలాంటి పొయ్యే ఉంది. నిన్న వెళ్లి మోకాళ్లమీద కూర్చుని మరీ చూశాను. ఆవిడ అల్లుడు పొయ్యి ముందున్న అరుగుకి మూలన, వేడి తగలని చోట, బెజ్జం పెట్టి వైరుని నేలమాళిగలోకి దింపాడు. ప్లగ్గు కిందే ఉంది. పైన మూరెడు కూడా కనపడదు. వాళ్ల ఇల్లు కాలిపోలేదు, కర్టెన్లు కూడా భద్రంగానే ఉన్నాయి.

అంటే దారి ఉంది. నలభై ఏళ్లు రాతిపని చేసిన నీకు ఆ దారి తెలియదని నన్ను నమ్మమంటావా? మా పొయ్యి ముందున్న అరుగు రాయి నువ్వు వేసింది. దానికి బెజ్జం పెట్టడానికి నీకు మనసు రావడం లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి నాకు నిప్పు కథలు చెబుతున్నావు.

మీ బావ వేటకి రాడు. నడుం నొప్పి.

హిల్యా


డులూత్
నవంబరు 4

అక్కకి,

అవును, మనసు రావడం లేదు. ఇప్పుడు సంతోషమా?

ఆరడుగుల ఎర్ర ఇసకరాయి అది. ఒకే పలక, ఎక్కడా అతుకు లేదు. నీ పెళ్లికి ఇద్దామని నాన్నా నేనూ మూసేసిన గనిలోంచి తీసి, గడ్డకట్టిన కాలువ మీదుగా మంచుబండి మీద లాక్కొచ్చాం. దాన్ని నీ గుమ్మంలోంచి లోపలికి తిప్పడానికి ఒక పూటంతా పట్టింది. నాన్న వేలు నలిగిందీ దాని కిందే. నా చేతులతో వేసిన రాళ్లలో దానికి సాటి వచ్చేది మళ్లీ దొరకలేదు. ఎర్ర ఇసకరాయి ముసలిదయ్యాక డ్రిల్లు పెడితే పగలొచ్చు. పగలకపోవచ్చు కూడా. కాఫీకి వచ్చే ఆడవాళ్ల ముందు నువ్వు గొప్పగా కనపడటం కోసం నేను ఆ పందెం కాయను.

తివాచీ సంగతి, పొయ్యి వెనక సంగతి కథలు కావు. అవి నిజం. వైరుని ఉన్నచోటే ఉండనివ్వు, లేదా ప్లగ్గు తీసి పక్కన పెట్టి మునపటిలా వణుకు.

బావకి నడుం నొప్పా? ఇరవై ఏళ్లలో మొదటిసారి వేట మానేసిన మనిషి నాకు ఒక ఫోన్ కూడా చెయ్యలేదు. ఆయన్ని కూడా నామీదికి ఎగదోశావా?

నెస్టర్


హాన్‌కాక్
నవంబరు 18

నెస్టర్,

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మీ బావ చేతినిండా కట్టెలు పట్టుకుని వస్తూ నీ వైరుకి కాలు తగిలి పొయ్యి మీద పడ్డాడు. కాలిన ఇనప తలుపు మీద రెండు అరచేతులూ ఆనించి పడ్డాడు. మోచేతి దాకా కట్లు కట్టారు. చెంచా కూడా పట్టుకోలేడు. సూపు నేనే తాగిస్తున్నాను. రెండు వారాలు బస్సు ఎక్కకూడదన్నారు. వేరే డ్రైవర్ని పెట్టారు.

కాఫీ మానేశాం. పద్దెనిమిది మందికి చేసిన రొట్టె చెత్తబుట్ట పాలైంది. నువ్వు నీ రాయిని కాపాడుకున్నావు. దాని మీద గీత కూడా పడలేదు, కంగారు పడకు.

హిల్యా


డులూత్
నవంబరు 22

అక్కా,

ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. నా గొంతు విని పెట్టేశావు. అందుకని మళ్లీ కాగితమే.

బావ చేతుల గురించి విని నాకు రాత్రంతా నిద్ర లేదు. అది నిజం. కానీ నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. ఆ వైరు నెలన్నరగా అక్కడే ఉంది. ఆయన రోజుకి ఎనిమిదిసార్లు దాన్ని దాటుతాడు. సాయంత్రం నాలుగింటికి, దీపం వెలుగుతున్న గదిలో, పెద్ద మనిషి ఉన్నట్టుండి దానిమీద ఎలా పడతాడు? ముందు వేట మానేశాడు. ఫోన్‌కి రాడు. ఇప్పుడు ఇది. నిన్ను సూటిగా అడుగుతున్నాను, ఆయన మళ్లీ తాగుతున్నాడా?

కోప్పడకు. అడక్క తప్పలేదు.

నెస్టర్


హాన్‌కాక్
నవంబరు 25

నెస్టర్,

పదకొండేళ్లుగా ఆ మనిషి చుక్క ముట్టలేదు. మానిపించింది నేను కాదు, నువ్వు కాదు, తనంతట తనే మానుకున్నాడు. నీ నోటినుంచి ఆ ప్రశ్న వచ్చినందుకు ఒళ్లంతా మండిపోయి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పలేను, ఫోన్ వంటింట్లో ఉంది, ఆయన వింటాడు. ఎవరికీ చెప్పనని ఆయన చేతిలో చెయ్యి వేశాను. నువ్వే నా చేత ఆ మాట తప్పిస్తున్నావు.

మీ బావకి చూపు పోతోంది. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. పట్నంలో కంటి డాక్టరు ఏప్రిల్‌లో చెప్పాడు. సరిగ్గా ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పత్రిక చదువుకుంటాడు. పక్కన ఏముందో, కాళ్ల దగ్గర ఏముందో తెలియదు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట. అందుకే వేటకి రాలేదు. పక్కనున్న మనిషిని జింక అనుకుంటానేమోనని భయం. నీకు ఫోన్ చెయ్యకపోవడానికీ అదే కారణం, ఆయనకి నీతో అబద్ధం చెప్పడం రాదు.

నాకు ఆ వైరు అందవికారంగా ఉందని ఏడుస్తున్నాననుకున్నావు. కాఫీకి వచ్చే ఆడవాళ్లు దాన్ని చూస్తే నాకేం, చూడకపోతే నాకేం? చూడలేని మనిషి నా ఇంట్లో ఉన్నాడు. ఆ ముక్క రాయలేక నేల అందం గురించి రాశాను. నువ్వు అమ్మ కిటికీల దాకా వెళ్లావు.

చేతుల కట్లు విప్పాక డిసెంబరు మూడున మళ్లీ బస్సు ఎక్కుతాడు. జూన్ దాకా నడిపి బడి సెలవులకి తనంతట తనే మానేస్తానన్నాడు. ఆ దారులన్నీ ఆయనకి కంఠతా వచ్చు. నువ్వు నోరు తెరవకు. నిన్ను అడుగుతున్నది అంతే.

హిల్యా


డులూత్
నవంబరు 28

అక్కా,

బావని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన ముందు నిలబడి కూడా తీసుకుంటాను. అది వేరే సంగతి.

కానీ నీకేమైనా మతి పోయిందా? నలభై మంది పిల్లలు. ఆ కొండ రోడ్డు. కిటికీ దాకా పేరుకున్న మంచు. ఇంట్లో తన కాళ్ల దగ్గరున్న వైరు కనపడని మనిషి, బస్సు చక్రం పక్కన చేతిసంచీ తీసుకోవడానికి వంగిన పిల్లని ఎలా చూస్తాడు? దారులు కంఠతా వచ్చని రాశావు. పిల్లలు కూడా కంఠతా వచ్చా?

ఏప్రిల్ నుంచీ నీకు తెలుసు. రోజూ పొద్దున్నే ఆయనకి కాఫీ పోసి, చేతికి తాళాలిచ్చి పంపావు. కాలిన ఇంటి గుమ్మంలో నేను చూసిన ఆ బూట్ల సంగతి నీకు రాశాను. అది చదివాక కూడా పంపావు.

సోమవారం ఆయన ఆ బస్సు ఎక్కితే బడి సూపరింటెండెంటుకి నేను ఫోన్ చేస్తాను. ఎక్కకముందే నువ్వు చెప్పి ఆపు. నా మీద ఎంత కోపమొచ్చినా సరే.

నెస్టర్


హాన్‌కాక్
డిసెంబరు 5

నెస్టర్ గారికి,

సోమవారం పొద్దున ఆయన టోపీ పెట్టుకుని బడికి వెళ్లాడు. తొమ్మిదింటికి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. నడుముకి తాళాల గుత్తి లేదు. అయిపోయింది హిల్యా అన్నాడు. ఇంకేం అడిగినా పలకలేదు. రెండు రోజులుగా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మూడున్నరకి బస్సు మా వీధిలోంచి వెళ్తుంది. ఎవడో కుర్రవాడు నడుపుతున్నాడు, మలుపులో గేరు మార్చడం రాదు. ఆ చప్పుడు వినపడగానే మీ బావ భుజాలు బిగుసుకుంటాయి.

ఆగలేకపోయావు కదా. తనంతట తను దిగే గౌరవం కూడా ఆయనకి మిగల్చలేదు.

క్రిస్మస్‌కి రావద్దు. మీ ఆవిడని, పిల్లల్ని పంపు. నువ్వు మాత్రం రావద్దు.

హిల్యా లాంపినెన్


డులూత్
డిసెంబరు 9

అక్కా,

నేను ఫోన్ చెయ్యలేదు.

చెయ్యాలనే కూర్చున్నాను. సోమవారం పొద్దున ఏడింటికి నంబరు కాగితం మీద రాసుకుని టెలిఫోన్ పక్కన కూర్చున్నాను. బావ మొహం గుర్తొచ్చింది. ఇంకో పావుగంట, ఇంకో పావుగంట అనుకుంటూ ఎనిమిదిన్నర దాకా కూర్చుని పనికి పోయాను. అంటే ఆ పూట ఆయన బస్సు నడిపి ఉంటే, పిల్లలకి ఏమైనా అయి ఉంటే, నీతోపాటు నేనూ నోరు మూసుకున్నవాణ్ణే. నీకు అంత గొప్ప నీతులు రాసిన నేను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇది నీకు రాయకూడదనుకున్నాను, కానీ చెయ్యని పనికి మాట పడలేను.

ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆయన్నే అడుగు.

వచ్చే శనివారం వస్తున్నాను. పండక్కి కాదు, డ్రిల్లు పట్టుకుని. నాతో మాట్లాడనక్కర్లేదు. తలుపు తీస్తే చాలు.

నెస్టర్


హాన్‌కాక్
జనవరి 2, 1985

తమ్ముడూ,

నువ్వు వచ్చి వెళ్లి రెండు వారాలు దాటింది. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

బెజ్జం బాగా పెట్టావు. రాయి పగల్లేదు. డ్రిల్లు పట్టుకున్నప్పుడు నీ మొహం చూశాను, చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇనప గొట్టంలోంచి వైరు కిందికి దిగిపోయింది, నేలమాళిగలో ప్లగ్గుంది, ఇప్పుడు హాల్లో ఏమీ కనపడదు.

నువ్వు బ్లోయరుకి కొత్త వైరు వేస్తూ పాతది నా ముందు పెట్టావు. ఒకచోట తొడుగు చీలి లోపలి రాగి బయటపడింది. పక్కనే చదునుగా నలిగిన గుర్తు. ఇది కుర్చీ కాలు నలిపింది అన్నావు. ఎలుక కొరికిందేమో అన్నాను నేను. నువ్వు నావైపు చూశావు. తర్వాత తివాచీ తిరగేసి, అడుగున వేడికి కమిలిన గోధుమరంగు మచ్చ చూసి, ఒక్క మాట కూడా అనకుండా దాన్ని చుట్టి నీ బండిలో వేసుకుపోయావు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, మర్నాటి కాఫీ కోసం గది సర్దుతూ, వైరుని తివాచీ కింద పెట్టింది నేనే. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నువ్వు చెప్పినట్టే. అయినా పెట్టాను. ఒక్క రోజుకే కదా అనుకున్నాను. అంతకుముందు దానికి ఒక చోటుండేది. మీ బావ ఆ చోటు నేర్చుకున్నాడు. గుమ్మం దాటాక మూడడుగులు, నాలుగో అడుగు ఎత్తి వేస్తాడు. నెలన్నరలో ఒక్కసారి తగల్లేదు. నేను తివాచీ కిందికి తోసేసరికి అది రెండడుగులు ఇవతలికి జరిగింది. ఆయన నాలుగో అడుగు దాకా రానేలేదు, రెండో అడుగుకే తివాచీలో లేచిన ఉబ్బు కాలికి తగిలి, తూలుకుంటూ వెళ్లి పొయ్యి మీద పడ్డాడు.

పడ్డ మర్నాడు ఆసుపత్రిలో అడిగాడు, వైరు చోటు మారిందా హిల్యా అని. లేదు, ఎప్పుడూ ఉన్నచోటే ఉంది అన్నాను. ఆయన ఇంటికి రాకముందే వైరుని తివాచీ కిందనుంచి తీసి మళ్లీ పాతచోట పరిచాను. నీ మీద అంత కోపంగా ఉత్తరం రాసింది ఆ చేతులతోనే.

బడికి ఎవరు చెప్పారని, నువ్వు చెప్పమన్నట్టే, ఆయన్ని అడిగాను. తనే వెళ్లి చెప్పాడట. ఎందుకని అడిగితే చాలారోజులు చెప్పలేదు. నిన్న, కొత్త ఏడాది రోజున, కాఫీ ముందు కూర్చుని చెప్పాడు. "వైరు ఉన్నచోటే ఉందని నువ్వన్నావు హిల్యా, అంటే చోటు మర్చిపోయింది నేనన్నమాట, కళ్లు పోయినా అడుగుల లెక్క ఉందనుకున్నాను, అదీ పోయాక బస్సులో ఎలా కూర్చుంటాను," అన్నాడు. రెండు వారాలు కట్లతో పడుకుని ఆలోచించింది అదేనట.

అప్పుడు చెప్పేశాను. తివాచీ సంగతి, ఆసుపత్రిలో ఆడిన అబద్ధం, అంతా. ఆయన కప్పు కింద పెట్టాడు. చాలాసేపు అరచేతుల మీది కొత్త చర్మం చూసుకున్నాడు.

"అయితే నా అడుగు తప్పలేదన్నమాట," అన్నాడు.

తప్పలేదన్నాను. భయం వేసి, తాళాలు తిరిగి అడుగుతావా అన్నాను. వద్దన్నాడు. "వైరు ఒక్కరోజు జరిగితే పడ్డాను. పిల్లలు రోజూ జరుగుతారు."

తర్వాత కోటు తొడుక్కుని బయటికి వెళ్లాడు. గంట సేపు మంచు తవ్వాడు, అవసరం లేని చోట కూడా. లోపలికి వచ్చాక నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున కూడా ఒక్క మాట తప్ప మాట్లాడలేదు. సూపు గిన్నె ముందు పెడితే పక్కకి జరిపి, తనే లేచి రొట్టె కోసుకున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నా మీద ఇంత కోపంగా ఉండటం ఇదే మొదటిసారి. ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఉండనీ.

నువ్వు మాత్రం రా. రొట్టె కోసుకుంటూ, నావైపు చూడకుండా, నెస్టర్ ఎప్పుడొస్తాడని అడిగాడు, ఆ ఒక్క మాటే. ఆయనకి కావలసింది నేను కాదు, నువ్వు.

అక్క